ఏ సెమినార్‌కు పోవాలి, ఎట్లా పోవాలి

చి. లావణ్యకు ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు సెమినార్ బ్రోచర్లూ చూశాను. నాలుగింటికీ డబ్బు కట్టొద్దు. మామిడి రైతుల మీద నీ పరిశోధన ప్రశ్నావళి ఇంకా చిత్తుప్రతిలోనే ఉంది కాబట్టి ఇప్పుడు నీకు అక్కరకొచ్చేది వర్క్‌షాప్. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధనకు సాయం చేసే కేంద్ర సంస్థ) సాయంతో పీహెచ్‌డీ వాళ్లకు జరిపే పది రోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సు తిరుపతిలో ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర వర్సిటీ)లో పడినా, మహిళా వర్సిటీలో పడినా ముందు దానికి దరఖాస్తు పెట్టు. సీట్లు తక్కువ. గైడ్, హెచ్‌ఓడీ (శాఖాధిపతి) సంతకాలున్న ఫార్వర్డింగ్ లెటర్ లేకపోతే దరఖాస్తు పక్కన పడేస్తారు.

అక్కడికి ఉత్త చేతులతో పోవద్దు. పదిమంది రైతులతోనైనా పైలట్ సర్వే (ముందస్తు పరీక్ష సర్వే) చేసి ఎక్సెల్‌లో ఎక్కించుకో. ఒక్కో రైతుకు ఒక్కో వరుస, ఒక్కో ప్రశ్నకు ఒక్కో నిలువు గడి. జవాబు చెప్పనిచోట సున్నా వేయకు, ఖాళీగా వదిలెయ్. సున్నా వేస్తే సాఫ్ట్‌వేర్ దాన్నీ జవాబుగానే లెక్కేస్తుంది, సగటు ధర దిగిపోతుంది. సర్వే లెక్కలు కట్టే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వెర్షన్ రెండు రోజుల ముందే వేసుకో. నెల ముందే వేసుకుంటే అసలు క్లాసు మొదలయ్యేసరికి గడువు తీరిపోతుంది.

ఇక సెమినార్. పేపరు శీర్షికలోనే సగం మంది దెబ్బతింటారు. 'చిత్తూరు జిల్లా మామిడి రైతుల సమస్యలు - ఒక అధ్యయనం' అన్నది పది నిమిషాల్లో తేలే సంగతి కాదు. 'తోతాపురి ధర ఎవరు నిర్ణయిస్తున్నారు: బంగారుపాళ్యం మండలంలో 60 మంది రైతుల లెక్క' అంటే వినేవాళ్లు తలెత్తి చూస్తారు. అబ్‌స్ట్రాక్ట్ 250 మాటలు దాటనివ్వకు. ఏ ఊళ్లు, ఎంతమంది, వాళ్లను ఎట్లా ఎంచుకున్నావు, ఏం తేలింది, ఈ నాలుగూ అందులో ఉండాలి. 'ఈ పత్రం చర్చిస్తుంది, వివరిస్తుంది' అని మాత్రమే రాస్తే ఇంకా ఏమీ తేలలేదని చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

తెలుగు పేపరైతే అను ఫాంట్లలో కొట్టొద్దు. వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో కొట్టి, వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపు. సిమిలారిటీ, అంటే ఇతరుల రాతలతో పోలిక, పది శాతం లోపుంటే 2018 యూజీసీ నిబంధనల ప్రకారం శిక్ష లేదు. అట్లని ఒకరి పేరాను పేరు చెప్పకుండా దించేయడం మాత్రం తప్పే.

'యూజీసీ కేర్ జర్నల్‌లో అచ్చు వేస్తాం' అని ఇప్పటికీ బ్రోచర్‌లో రాసేవాళ్ల దగ్గర జాగ్రత్త. కేర్ అంటే యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా, దాన్ని యూజీసీ 2025లోనే ఆపేసింది. ఫీజు కట్టినప్పుడు యూటీఆర్ నంబరు (బ్యాంకు ఇచ్చే లావాదేవీ నంబరు) కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం అన్నీ అయ్యేసరికి ప్రారంభసభ గంట ఆలస్యమవుతుంది. ఆ గంట మధ్యాహ్నం పేపర్లు చదివేవాళ్ల నెత్తిన పడుతుంది. పది నిమిషాలన్నది ఆరవుతుంది. అందుకని స్లైడ్లు ఎనిమిదికి మించనివ్వకు, నీకు తేలిన ఫలితం రెండో స్లైడ్‌లోనే పెట్టెయ్. రివ్యూ ఆఫ్ లిటరేచర్‌తో (ఇదివరకటి పరిశోధనల సమీక్షతో) మొదలుపెట్టినవాళ్లు అసలు మాట దగ్గరికి రాకముందే చైర్‌పర్సన్ ఇక ఆపమని చీటీ పంపిస్తారు. ఒక పెద్ద పట్టిక కంటే మూడు బార్లున్న ఒక్క చార్టు మేలు, చివరి బెంచీ దాకా కనపడుతుంది.

కుప్పం నుంచి అదేరోజు పొద్దున బయల్దేరితే రిజిస్ట్రేషన్ అందదు. ముందురోజు రాత్రికే తిరుపతి చేరు. బ్రహ్మోత్సవాలప్పుడూ శని, ఆదివారాల్లోనూ కొండకొచ్చే జనంతో గదులు దొరకవు, కాబట్టి లేడీస్ హాస్టల్లో గది అడుగుతూ కన్వీనర్‌కు పదిరోజుల ముందే మెయిల్ పెట్టు.

సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, ఇనీషియల్, పేపరు శీర్షిక సరిచూసుకో. తప్పుంటే అక్కడే మార్పించుకో, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. ప్రశ్నావళి చిత్తుప్రతి నాకు ఈ వారంలో పంపు, ధర గురించిన ప్రశ్నలు చూస్తాను.

మీ పెదనాయన