సొట్ట సైకిలూ, నాలుగొందల తగ్గింపూ

హైదరాబాదు

చిన్నీ,

ఆన్‌లైన్‌లో కొన్న సైకిల్ దెబ్బతిని వచ్చిందని నువ్వు పంపిన ఫొటోలు చూశాను. డబ్బా మూల చిరిగి ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల ముక్క, దాని కొస బయటికి పొడుచుకొచ్చిన ఫొటో ఒక్కటే పనికొస్తుంది. మిగతావన్నీ కోపంలో తీసినట్టున్నాయి, దేనిమీదా వెలుగు లేదు. పొద్దున బాల్కనీలో పెట్టి మళ్లీ తియ్యి. డబ్బా నాలుగు వైపులా, లేబుల్ మీది అక్షరాలు కనబడేలా, దెబ్బ తగిలినచోట దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. సైకిల్ తిరగేసి చూస్తే పెడళ్లు తిరిగే గొట్టం అడుగున నంబరు కొట్టి ఉంటుంది. అది ఫ్రేమ్ నంబరు, దాన్నీ తియ్యి. ‘ఇది మేం పంపిన సైకిల్ కాదు’ అనే మాటకి అదే జవాబు.

మీ అన్నయ్య పానా పట్టుకుని రెడీగా ఉన్నాడట, మీ అమ్మ చెప్పింది. వాణ్ని ఆపు. ‘85 శాతం బిగించే వస్తుంది’ అని ప్రకటనలో రాస్తారు కదా, మిగతా 15 శాతం మనం బిగించామంటే వంకర మన చేతివల్లే వచ్చిందనడానికి వాళ్లకి సందు దొరుకుతుంది. ముందు చక్రాన్ని ఊరికే ఆనించి చూడు, చాలు. పెడళ్ల జోలికి అసలు పోవద్దు. ఎడమ పెడల్‌కి మర ఎదురు తిరుగుతుంది. తెలియక బలంగా తిప్పితే పెడల్ బిగించే కడ్డీలో (క్రాంకులో) మర పాడవుతుంది, దానికి ఏ కంపెనీ పూచీ పడదు.

నువ్వడిగిన ప్రశ్నకి వస్తా. ‘సైకిల్ ఉంచుకుంటే నాలుగొందలు వెనక్కిస్తామంటున్నారు, తీసుకోమంటావా పెదనాన్నా’ అన్నావు. ఆ సంగతి దెబ్బ ఎక్కడ తగిలిందనే దాన్నిబట్టి ఉంటుంది. ఈ ఒక్కటీ తేల్చుకోకుండా కస్టమర్ కేర్‌తో ఎంతసేపు మాట్లాడినా వాళ్లు చెప్పిందే మనం వింటాం.

కొన్ని అసలు దెబ్బలే కావు. ఫోర్కు వెనక్కి వంగినట్టుందని రాశావు. డబ్బాలో పట్టడానికి హ్యాండిలూ ఫోర్కూ తిప్పేసి సర్దుతారు, చాలామంది అది చూసి విరిగిందనుకుంటారు. డిస్క్ బ్రేకు బిగించిన ఫోర్కు కాలు, నువ్వు సీటు మీద కూర్చున్నట్టు ఊహించుకుంటే, ఎడమచేతి వైపుకి రావాలి. అలా వచ్చేలా తిప్పి, అప్పుడు చూడు. టైర్లలో గాలి లేకపోవడం, కొత్త బ్రేకు కాస్త రాసుకోవడం కూడా లెక్కలోవి కావు.

చక్రం వంకర కొంతవరకు ఫరవాలేదు. రిమ్ము పక్కన పెన్సిలు కదలకుండా పట్టుకుని చక్రం తిప్పు. ఒకట్రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగితే స్పోకులు బిగించి ఏ మెకానిక్కైనా సరిచేస్తాడు. రిమ్ము అంచు నొక్కుకుపోయి ఉంటే మాత్రం కాదు. వెనక గేరు, అంటే చైన్‌ని పళ్ల చక్రాల మీద జరిపేది, వంగడం ఇంకో మామూలు జబ్బు, డబ్బా కుడివైపు పడితే మొదటి దెబ్బ దానికే. వెనకనుంచి చూస్తే గేరు చక్రానికి సమాంతరంగా నిటారుగా వేలాడాలి. కొస స్పోకుల వైపు వాలిందా, గేరుని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగరు వంగిందన్నమాట. ఫ్రేమ్ పోకుండా తను పోవడానికే ఆ చిన్న ముక్కని పెడతారు, మార్చుకోవచ్చు. అది మార్చేదాకా తొక్కకూడదు, గేరు స్పోకుల్లో ఇరుక్కుంటే మనిషి కింద పడతాడు. ఇలాంటివైతే గౌలిగూడలో ఏ సైకిల్ షాపులోనైనా ముక్క ధరా కూలీ అడిగి, కంపెనీ ఇస్తామన్నది దానికి సరిపోతే తీసుకో. గీతలకైతే నేను తీసుకునేవాణ్ని.

ఫ్రేమూ ఫోర్కూ వేరే లెక్క. నీ ఫొటోలో ఫోర్కు కుడికాలు కొస లోపలికి నొక్కుకుపోయినట్టుంది. పంపేటప్పుడు రెండు కాళ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. పెట్టకపోతే మీద ఇంకో డబ్బా పడగానే ఇలాగే అవుతుంది. చక్రం ఆనించి ఎదురుగా నిలబడి చూడు. రెండు కాళ్ల మధ్య చక్రం ఒక పక్కకి జరిగి కనిపిస్తే ఇక ఆలోచించకు, వెనక్కి పంపడమే. అలాగే హ్యాండిల్ కింది గొట్టం దగ్గర వెల్డింగు చుట్టూ గోరు పెట్టి గీసి చూడు. రంగు ముడతలు పడినా, గోరు ఒక సన్న గీతలో తట్టుకున్నా అంతే. అల్యూమినియం ఒకసారి వంగాక తిరిగి వంచితే బలం ఉండదు. నార్సింగి దగ్గర సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కుతానని కదా కొన్నావు. ఆ వేగంలో నాలుగొందలకి ఫోర్కుని నమ్ముకుంటావా?

ఫోన్లో వాదించకు. యాప్‌లోనే రాయి, తెలుగైనా ఇంగ్లిషైనా ఇంతే రాయి: ‘ఆర్డర్ ఫలానా తేదీన అందింది. ఫోర్కు కుడికాలు వంగి ఉంది, ఫొటోలు పెట్టాను. బిగించలేదు, వాడలేదు. తగ్గింపు వద్దు. వేరే సైకిల్ ఇవ్వండి లేదా డబ్బంతా వెనక్కివ్వండి. తీసుకెళ్లే ఖర్చు మీదే.’ పుట్టినరోజు పాడైందనీ, నమ్మకం పోయిందనీ రాయకు. చదివేవాడికి అవి అక్కర్లేదు. వాళ్లు ఫోన్‌లో ఏదైనా ఒప్పుకుంటే, పెట్టేయగానే ‘మీరిప్పుడు ఇలా చెప్పారు’ అని చాట్‌లో రాసెయ్యి.

గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు మాత్రం వెతకొద్దమ్మా. రీఫండ్ ఇస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి అనేవాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

‘సైకిళ్లకి రిటర్న్ లేదు’ అని పాలసీ చూపిస్తే కంగారు పడకు. పాడైన సరుకు తీసుకోననడానికి, డబ్బు ఇవ్వననడానికి అమ్మినవాడికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. ఫిర్యాదు అందిందని కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే 1915, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా గొడవలు అక్కడికి వెళ్లాయనగానే దారికొస్తాయి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ల గడువుంది. సరుకు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా నువ్వుండే చోటే వేసుకోవచ్చు.

డబ్బా తెచ్చిన పిల్లాణ్ని కేకలేశావట. లిఫ్ట్ లేని మూడంతస్తులు మోశాడు, లోపల ఏముందో వాడికేం తెలుసు? వాచ్‌మన్‌కి మాత్రం చెప్పి ఉంచు, రెండో సైకిల్ వచ్చినప్పుడు నిన్ను పిలవకుండా ఓటీపీ చెప్పొద్దని. ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే, అంటే తెచ్చినవాడి ముందే డబ్బా విప్పి చూసుకునేదైతే, ఫోర్కు చూశాకే ఓటీపీ.

పాతది తీసుకెళ్లడానికి వచ్చినవాడు డబ్బా చిరిగిందంటాడు. చిరిగే వచ్చిందని ఫొటో చూపించు. వాడు స్కాన్ చేసినట్టు మెసేజ్ వచ్చేదాకా సైకిల్ గుమ్మం దాటనివ్వకు. అన్నయ్యని ఆ పూట ఇంట్లో ఉండమను, కిందికి దించాలిగా.

మీ పెదనాన్న