టెక్ సందేహాలు: రెండో కాపీ డెల్టా దాటాలి

ప్రశ్న: ముమ్మిడివరంలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు 2 టెరాబైట్లయ్యాయి. ఏటా క్లౌడ్ అద్దె భారమవుతోంది. అమలాపురంలో స్టూడియో ఉన్న మిత్రుడూ నేనూ పీర్ టు పీర్ పద్ధతిలో ఒకరి ఫైళ్లు ఒకరి కంప్యూటర్‌లో దాచుకుందామనుకుంటున్నాం. నమ్మవచ్చా?

జవాబు: పద్ధతిని నమ్మవచ్చు. చిక్కంతా ఊళ్లతోనే. రెండూ గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్నవే. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ మొత్తాన్నీ కుదిపేసింది. ఆ తర్వాత మా బంధువుల ఇంట్లో తడిసిన పెళ్లి ఆల్బమ్ విప్పుతుంటే పక్కనే ఉన్నాను. అతుక్కుపోయిన పేజీలను ఎంత మెల్లగా లాగినా, తాళి కడుతున్న ఫొటోలో పెళ్లికూతురి ముఖం ఎదుటి పేజీకి అంటుకుని ఊడి వచ్చేసింది. ఆ ఫొటోకు మరో ప్రతి లేదు. మీ దగ్గరున్నవి ఎన్నో ఇళ్ల ఆల్బమ్‌లు. అందుకే రెండో కాపీని హైదరాబాదులోనో మరెక్కడో, డెల్టా బయట ఉన్న మీవాళ్ల ఇంట్లో పెట్టండి.

దీనికి సింక్‌థింగ్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, ఓపెన్ సోర్స్. మీ రెండు కంప్యూటర్ల మధ్యే ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మారి వెళ్తాయి. మధ్యలో ఏ కంపెనీ సర్వర్‌లోనూ కాపీ మిగలదు. అయితే సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో 2 టెరాబైట్లు పంపాలంటే ఆగకుండా దాదాపు 4 రోజులు పడుతుంది. కాబట్టి రెండో కంప్యూటర్‌ను ముందు స్టూడియోలోనే కేబుల్‌తో కలిపి, మొత్తం నింపి, తర్వాత బస్సులో తీసుకెళ్లండి. అక్కడి నుంచి కొత్త ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. రెండు కంప్యూటర్లూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి.

ఒక్కటి మాత్రం మరవకండి. మీరిక్కడ పొరపాటున ఫోల్డర్ తొలగిస్తే అక్కడా పోతుంది. అవతలి కంప్యూటర్‌లో ‘ఫైల్ వెర్షనింగ్’ ఆన్ చేస్తేనే పాతవి మిగులుతాయి. ఈ సెట్టింగ్ మీ కంప్యూటర్‌లో పెట్టి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే బయటి నుంచి వచ్చే మార్పులకే అది వర్తిస్తుంది.

డెల్టా బయట మీవాళ్లెవరూ లేకపోతే స్టోర్జ్ వంటి ఆన్‌లైన్ నిల్వ సేవలు ఉన్నాయి. ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసి, ముక్కలుగా ఎన్నో దేశాల్లోని కంప్యూటర్లకు పంచుతారు. వారు ప్రచురించిన లెక్కలో 80 ముక్కల్లో ఏ 29 దొరికినా ఫైలు తిరిగి వస్తుంది. ఇది ఉచితం కాదు. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకుని పోగొట్టుకుంటే ఎవరూ తెరవలేరు.

ప్రశ్న: పొలం కాగితాల స్కాన్‌లు ఐపీఎఫ్‌ఎస్‌లో పెడితే శాశ్వతంగా ఉంటాయా? (రాజోలు పాఠకుడు)

జవాబు: ఉండవు. ఫైళ్లను ఎన్నో కంప్యూటర్ల మధ్య పంచుకునేందుకు 2015లో వచ్చిన ఈ వ్యవస్థలో ఫైలు చిరునామా అందులోని సమాచారం నుంచే పుడుతుంది. ఒక్క అక్షరం మారినా చిరునామా మారిపోతుంది. నకిలీని పట్టుకోవడానికి ఇది చక్కటి ఏర్పాటు. కానీ ఏదో ఒక కంప్యూటర్ ఆ ఫైలును ‘పిన్’ చేసి అట్టిపెట్టుకుంటేనే అది నిలుస్తుంది. పైగా చిరునామా తెలిసిన ఎవరైనా తెరిచి చూడగలరు. పాసుపుస్తకాన్ని అందులో పెట్టకండి.