గంటకోసారి 401 వస్తోందా? రిఫ్రెష్ టోకెన్ వాడండి
గంట దాటగానే మీ కమాండ్‌లైన్ టూల్‌కి 401 (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తోందంటే యాక్సెస్ టోకెన్ (లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే తాత్కాలిక అనుమతి) గడువు తీరిపోయినట్టే. టోకెన్‌తో పాటు సర్వర్ గడువుగా పంపే 3600ని అలాగే దాచుకోకండి, అది సెకన్ల లెక్క. అప్పటి సమయానికి కలిపి, గడువు ఎప్పుడు తీరుతుందో రాసుకోండి. ఇంకా 60 సెకన్లు ఉండగానే రిఫ్రెష్ చేయండి, అంటే రిఫ్రెష్ టోకెన్ పంపి కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకోండి; గడియారాలు అటూఇటూ ఉంటాయి కదా. అయినా 401 వస్తే ఒక్కసారే రిఫ్రెష్ చేసి మళ్లీ పంపండి, లూప్‌లో పెట్టొద్దు.

టూల్‌ని ఒకేసారి రెండు టెర్మినళ్లలో నడిపితే ‘ఇన్వాలిడ్ గ్రాంట్’ (రిఫ్రెష్ టోకెన్ చెల్లదన్న ఎర్రర్) వస్తోందా? అసలు చిక్కు అక్కడే ఉండొచ్చు. చాలా సర్వర్లు రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ పాత రిఫ్రెష్ టోకెన్‌ని రద్దు చేస్తాయి, దాంతో రెండో టెర్మినల్ దగ్గరున్నది చెల్లకుండా పోతుంది. అందుకే ఒకసారికి ఒక ప్రాసెసే రిఫ్రెష్ చేసేలా ముందు లాక్ తీసుకుని, అది దొరికాక టోకెన్ ఫైల్‌ని మళ్లీ చదవండి. పక్క ప్రాసెస్ ఈపాటికే కొత్తది రాసేసి ఉండొచ్చు. రాసేటప్పుడు టెంపరరీ ఫైల్‌లో రాసి రీనేమ్ చేయండి, పర్మిషన్ 600 (మీరు మాత్రమే చదివి, రాయగలిగేలా).