అరకు కాఫీకి అంత ధర పెట్టొచ్చా? గుంటూరు నుంచి నా జవాబు

మీరు అడిగింది రెండు ముక్కలు. అరకు కాఫీకి అంత ధర ఎందుకు, మన ఫిల్టర్‌లో వేస్తే మామూలు పొడి కంటే పలచగా ఎందుకుంది? ధర సబబే అంటాను. పలచదనానికి మాత్రం కాఫీని తప్పుపట్టకండి, అది మన అలవాటు గొడవ.

మాది గుంటూరు, ఇంట్లో మిర్చి వ్యాపారం. మా బావగారికి పాడేరులో ఉద్యోగం కాబట్టి డిసెంబరులో అటు వెళ్తుంటాం. సరిగ్గా కాఫీ కోతలు నడిచే రోజులవి. అరకు కాఫీ అంటాం గానీ పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, అనంతగిరి, ఇలా ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో చాలాచోట్ల ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినప్పుడు పక్కనున్న ఒడిశా కొండల్ని కూడా కలిపారు. 900 నుంచి 1100 మీటర్ల ఎత్తు, చల్లటి గాలి, అరబికా రకం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల పాదులు. పెద్ద పెద్ద ఎస్టేట్లు ఊహించుకోకండి. ఎక్కువ భాగం గిరిజన రైతుల చిన్న చిన్న తోటలే.

వేసవి మొదట్లో వాన జల్లు పడితే తెల్లటి పూత వస్తుంది. ఆ పూత పండవడానికి ఎనిమిది తొమ్మిది నెలలు. ధర కథ అంతా ఇక్కణ్ణుంచే. ఒకే కొమ్మకి పచ్చికాయ, దోరకాయ, ఎర్రపండు పక్కపక్కనే ఉంటాయి. కొమ్మ పట్టుకుని దూసేస్తే గంటలో బస్తా నిండుతుంది, కానీ పచ్చికాయ కలిసిందంటే కాఫీకి వగరు వచ్చేస్తుంది. అందుకని ఎర్రటివి మాత్రమే ఏరి, మిగతావాటి కోసం మళ్ళీ మళ్ళీ అదే మొక్క దగ్గరికి రావాలి. మన మిర్చి యార్డులో తాలుకాయ, అంటే రంగు పోయిన నాసికాయ, వేరుచేసినట్టే ఇదీ, కాకపోతే అక్కడ ఆ పని చెట్టు మీదే జరగాలి. పండు నోట్లో వేసుకుంటే పైగుజ్జు తియ్యగా ఉంటుంది, కాఫీ వాసన ఇసుమంత కూడా ఉండదు.

కోసినవి ముందు నీళ్ళలో పోస్తారు. తేలినవి తీసేస్తారు. మునిగినవాటిని అదే రోజు పల్పింగ్ మిషన్‌లో వేసి తొక్క తీయాలి, రాత్రి గడిస్తే బస్తాలోనే పులుపెక్కుతాయి. తొక్క పోయాక కూడా గింజకి జిగురు పట్టుకునే ఉంటుంది. అది వదలాలని తొట్టెలో ఒక రోజు, చలి ఎక్కువైతే రోజున్నర నానబెడతారు. అయిందా లేదా అని చూడటానికి మీటరేమీ అక్కర్లేదు. తొట్టెలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు రుద్దుతారు. జారుతుంటే ఇంకా కాలేదు, గులకరాళ్ళలా గరగరలాడితే కడిగేయొచ్చు. అప్పుడిక ఎండబెట్టడం. నేల మీద కాకుండా వల పరిచిన బల్లల మీద పోసి, పొద్దస్తమానం తిరగేస్తూ, సాయంత్రం మంచు పడకముందే కప్పుతారు. తేమ పది పదకొండు శాతానికి దిగాలి. కల్లాంలో మిర్చి ఆరబెట్టిన వాళ్ళకి ఆ టెన్షన్ నేను చెప్పక్కర్లేదు. కొందరు తొక్క తీయకుండా పండుని అలాగే ఎండబెడతారు, అందులో పళ్ళ వాసన ఎక్కువ. నాకైతే కడిగిన రకమే ఇష్టం.

చివరికి పైపొర ఒలిచాక, ఐదారు కిలోల పండ్లకి ఒక కిలో గింజ మిగులుతుంది. వేయిస్తే అందులో ఇంకో ఏడో వంతు పోతుంది. ఆ ధర ఎందుకో ఇప్పుడు మీరే చూడండి.

ఇవన్నీ చేసిన రైతుకి న్యాయంగా ఎంత ముడుతుందన్నది వేరే కథ. సంతల్లో దళారి చెప్పిందే రేటుగా చాలాకాలం నడిచింది. జీసీసీ, అంటే ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ, కొనుగోళ్ళతో, నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పనితో కొంత మారింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం పెట్టారు. ఈ మధ్య కొత్త బెడద వచ్చిపడింది. 2025లో అక్కడి తోటల్లో కాయ తొలిచే పురుగు కనిపించింది, సోకిన చోట కాయల్ని కోసి నాశనం చెయ్యాల్సి వచ్చింది.

ఇక మీ పలచదనం. మనం చిన్నప్పట్నుంచి తాగే పొడుల్లో చాలావాటికి చికోరీ, అంటే వేయించి పొడి చేసిన ఒక మొక్క వేరు, కలుపుతారు. ఆ నలుపు, చిక్కదనం, చేదు చాలావరకు దానివే. కలిపితే శాతం ప్యాకెట్ మీద వెయ్యాలి, 49 వరకు కలపొచ్చు, కాబట్టి ముందు వెనక్కి తిప్పి చదవండి. చికోరీ లేని అరకు పొడి తెచ్చి పాత కొలతే వేస్తే డికాక్షన్ పలచగానే దిగుతుంది. ఒక చెంచా పొడి ఎక్కువ వెయ్యండి, నీళ్ళు మరిగాక దించి ఒక్క నిమిషం ఆగి పొయ్యండి. పాలు సగానికి మించొద్దు. డికాక్షన్‌ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి కాచడం మాత్రం మానెయ్యండి, ఆ దెబ్బకి ఏ కొండ కాఫీ అయినా ఒకటే.

పెద్దవాళ్ళు ‘ఇదేం కాఫీ’ అంటే వాదించకండి. మా ఇంట్లో నాన్నగారికి చికోరీ ఫిల్టర్ వేరు, మాది వేరు.