ఇంగ్లండ్‌లో రైతు పొలం మధ్యనుంచి పోయే కాలిబాటలో నడవవచ్చా?

మీరు అడిగింది ఇది: చదువుకోవడానికి మాంచెస్టర్ వచ్చారు, ఆదివారం ఊరి బయట కాస్త నడుద్దామని వెళ్తే పటంలోని దారి గొర్రెల మంద మధ్యనుంచి, చివరికి ఒక రైతు ఇంటి వాకిట్లోంచి పోతోంది. గేటు తీసుకుని వెళ్లవచ్చా, ఎవరైనా అడ్డుకుంటే ఏం చెప్పాలి?

నిక్షేపంగా వెళ్లవచ్చు. గేటు స్తంభానికి పసుపుపచ్చ బాణం గుర్తు ఉందేమో చూడండి. ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ పటంలో ఆ దారి ఆకుపచ్చ తెగిన గీతలుగా ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు. భూమి రైతుదే, ఆ గీత మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. పౌరసత్వం, వీసా వంటివాటితో దానికి పనిలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో కలిపి ఇలాంటి హక్కు దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి.

ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నా నాకు మొదట్లో ఉన్న మొహమాటం మీ ప్రశ్నలోనూ కనబడింది. మన ఊళ్లలో గట్ల మీద నడవవద్దని ఎవరూ అనరు గానీ, కొత్త ముఖం కనబడితే ‘ఎవరి తాలూకు బాబూ?’ అని అడుగుతారు. పనుంటేనే చేలోకి వెళ్లాలన్నది మన లెక్క. దారి తగాదాలు కూడా నా చేనికి బండి వెళ్లనివ్వడం లేదన్న రకంవే ఎక్కువ. 1882 నాటి మన ఈజ్‌మెంట్ల చట్టం 20 ఏళ్లు ఆటంకం లేకుండా, హక్కుగా వాడుకున్న దారిని గుర్తిస్తుంది. ఇంగ్లండ్‌లో 1980 నాటి హైవేస్ చట్టంలోనూ 20 ఏళ్ల లెక్కే ఉంది. కాకపోతే ఇక్కడ అలా తేలిన బాట ప్రజలందరిదీ అవుతుంది, పనీపాటా లేకుండా గాలి పీల్చుకోవడానికి వచ్చినవాడితో సహా.

ఇదేమీ ఉదారంగా ఇచ్చింది కాదు. మాంచెస్టర్‌కు తూర్పున కిండర్ స్కౌట్ అనే ఎత్తయిన పీఠభూమి ఉంది. ఒకప్పుడు దాని మీద గ్రౌజ్ పక్షుల వేట కోసం జమీందార్లు కాపలావాళ్లను పెట్టి, మిల్లుల్లో పనిచేసే జనాన్ని అడుగు పెట్టనిచ్చేవారు కాదు. వేట సాగేది ఏడాదిలో కొన్ని నెలలే, కాపలా మాత్రం ఏడాది పొడవునా. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే 20 ఏళ్ల కుర్రాడి నాయకత్వంలో కొన్ని వందల మంది హేఫీల్డ్ నుంచి బయలుదేరి కావాలనే ఆ కొండెక్కారు. కాపలావాళ్లతో తోపులాట జరిగింది. ఒకరి భూమిలో నడవడం నేరం కాదు కాబట్టి అల్లరిమూకగా చేరారనీ, దాడి చేశారనీ కేసులు పెట్టారు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు పడింది. రోత్‌మన్‌కు నాలుగు నెలలు. 70 ఏళ్లు గడిచాక, 2002లో, అప్పటి డెవన్‌షైర్ డ్యూక్, ఆ కొండ మీద భూములున్న తన తాత చేసినదానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

కథ రక్తి కడుతుంది కాబట్టి అందరూ అదే చెబుతారు. అప్పట్లో నడక సంఘాల పెద్దలు చాలామంది ఆ కొండెక్కడాన్ని సమర్థించలేదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నన్నడిగితే ఆ కుర్రవాళ్ల తెగువ ఎంత అవసరమో, పటాలూ దస్త్రాలూ ముందేసుకుని స్థానిక పాలన చూసే కౌన్సిళ్లకు ఉత్తరాలు రాసిన ముసలివాళ్ల ఓపికా అంతే అవసరం. దారుల అధికారిక పటాలు తయారుచేయాలన్న చట్టం 1949లో వచ్చింది. నిర్ణీత కొండలు, మైదానాల్లో గీత దాటి కూడా తిరగవచ్చన్న చట్టం 2000లో గానీ రాలేదు. అదీ ఇంగ్లండ్ నేలలో 8 శాతానికే వర్తిస్తుంది.

కాగితం మీద హక్కు ఉంటే సరిపోదని మాకు చెషైర్‌లో తెలిసొచ్చింది. మేం తరచూ నడిచే బాట ఒక వేసవిలో మొక్కజొన్న చేలో మాయమైపోయింది. మా తలలకంటే ఎత్తు పైరు, ఆకుల అంచులు చేతులు కోస్తున్నాయి, అవతలి కంచె దగ్గరి గుర్తు స్తంభం కనబడదు. చేను మధ్యగా పోయే బాటను దున్నితే మామూలుగా రెండు వారాల్లో మళ్లీ చదును చేసి, కనీసం మీటరు వెడల్పున ఖాళీగా ఉంచాలన్నది నిబంధన. ఫోటోలు తీసి, పటంలో చోటు గుర్తించి కౌన్సిల్‌కు పంపాను. ‘అందింది’ అని జవాబొచ్చింది. ఆ తర్వాత అలికిడి లేదు. కోతలు అయిపోయాక, సమస్య పరిష్కారమైందని మెయిలు వచ్చింది! పైరే లేనప్పుడు అడ్డేముంది? మరుసటి ఏడు మళ్లీ అదే తంతు. ఈసారి ఆ ఊరివాళ్లు, నడిచేవాళ్లం పదిమందిమి విడివిడిగా రాశాం. అప్పుడు కదిలారు. ట్రాక్టరు చేను మధ్యగా తిన్నగా ఒక చాలు కొట్టింది, ఇప్పటికీ అలాగే ఉంది.

కాబట్టి మీకు కూడా గేటుకు తాళం, ముళ్లకంచె కనబడితే ఫోటో తీసి కౌన్సిల్‌కు పంపండి. అప్పటికప్పుడు అయితే, ఏదీ పాడుచేయకుండా అదే రైతు పొలంలో పక్కనుంచి చుట్టి మళ్లీ బాటెక్కవచ్చు. ఎవరైనా ‘దారి తప్పారా?’ అని అడిగితే (మన ముఖాలు చూసి ఈ ప్రశ్న కాస్త ఎక్కువగానే అడుగుతారు) వాదన పెట్టుకోకండి. పటం చూపించి, ‘బాట ఇటే కదండీ?’ అనండి. నాకు ఎదురైన రైతుల్లో ఎక్కువమంది చేయి చాపి దారి చూపినవాళ్లే. మూసి ఉన్న గేటును మూసే వెళ్లండి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదిలేయండి.

ఎప్పుడైనా స్కాట్లండ్ వెళ్తే లెక్క వేరు. అక్కడి 2003 చట్టం ప్రకారం ఇళ్లు, వాటి పెరళ్లు, పైరు వేసిన చేలు వంటివి మినహాయిస్తే బాధ్యతగా దాదాపు ఎక్కడైనా నడవవచ్చు, గుడారం కూడా వేసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో అనుమతి అడగకుండా గుడారం వేసుకునే హక్కు నైరుతిన ఉన్న డార్ట్‌మూర్ అనే కొండ ప్రాంతంలో ఉంది. దాన్ని కూడా ఒక భూస్వామి కోర్టుకు లాగితే 2025 మేలో సుప్రీంకోర్టు నడిచేవాళ్ల పక్షానే తీర్పు ఇచ్చింది.

మొదటిసారికి మాంచెస్టర్ పికడిలీ స్టేషన్‌లో రైలెక్కి ఈడేల్‌లో దిగండి, అక్కడి నుంచే కిండర్ ఎక్కవచ్చు. పైన నల్లటి బురద నేల, మామూలు బూట్లు పనికిరావు. దారిలో దూడలున్న ఆవుల మంద ఎదురైతే మాత్రం హక్కు ఉంది కదా అని మధ్యనుంచి వెళ్లకండి, దూరంగా చుట్టి వెళ్లండి. మన ఊళ్లో లాగా ‘హెయ్’ అని అదిలిస్తే ఇవి వినవు.