-7ని 2తో భాగిస్తే సీలో -3, పైథాన్‌లో -4 ఎందుకు వస్తుంది?

రెండూ కరెక్టే, అసలు జవాబు -3.5 అయినప్పుడు దాన్ని పూర్ణాంకంగా ఎటు జరపాలన్న రూల్ మాత్రమే వేరు. సీ, జావా పాయింట్ తర్వాతది కోసేసి సున్నా వైపు జరుపుతాయి కాబట్టి -3, పైథాన్‌లో పూర్ణాంక భాగహారం గుర్తు // ఎప్పుడూ కిందికే జరుపుతుంది కాబట్టి -4. (పైథాన్ 3లో ఒక్క / పెడితే -3.5 వస్తుంది, అది వేరే సంగతి.)

శేషం కూడా దీన్నిబట్టే మారుతుంది, ఎందుకంటే భాగఫలాన్ని 2తో గుణించి శేషం కలిపితే మళ్ళీ -7 రావాలి. అందుకే శేషం ఇచ్చే గుర్తు % వాడితే సీలో -1, పైథాన్‌లో 1 వస్తాయి.

ఇది ఎక్కడ తగులుతుందంటే, రాత్రి 2 గంటలకు బెజవాడ స్టేషన్‌కి వచ్చిన బండి 5 గంటల ముందు బయల్దేరిందనుకోండి, ఎన్నింటికో తెలియాలంటే (2 - 5) % 24 అని రాస్తాం. పైథాన్ 21 ఇస్తుంది, అంటే రాత్రి 9, సరిపోయింది. అదే లైను సీలో -3 ఇస్తుంది, అలాంటి టైమే లేదు! అక్కడ 24 కలిపి మళ్ళీ % 24 చెయ్యాలి, జావాలో అయితే 8వ వెర్షన్ నుంచి పైథాన్ లాగే శేషం ఇచ్చే ఫ్లోర్‌మాడ్ (Math.floorMod) ఉంది, అదే వాడండి.

చాలామంది పైథాన్‌లో // అంటే పాయింట్ తర్వాతది తీసెయ్యడమే అనుకుంటారు. కాదు, అలా తీసేసేది int() అనే ఫంక్షన్, అందుకే అది -3.5కి -3 ఇస్తుంది. ప్లస్ సంఖ్యల్లో రెండింటికీ తేడా కనపడదు, అందుకే ఈ అపోహ అంత తేలిగ్గా పోదు.