కీల్, బల్క్‌హెడ్, జీఎం: ఓడ చదువుకు వెళ్లే పిల్లాడు ముందుగా ఏం తెలుసుకోవాలి?

ప్రశ్న: సార్, మాది నర్సంపేట. నేను డీసీఎం నడుపుతాను. మా బాబు హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ చదివి, ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష) రాసి, ఓడ నడిపే అధికారుల కోర్సు డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్‌లో సీటు తెచ్చుకున్నాడు. సీనియర్ దగ్గర షిప్ కన్‌స్ట్రక్షన్ (ఓడ నిర్మాణం), స్టెబిలిటీ (ఓడ ఒరిగిపోకుండా నిలబడటం) పుస్తకాలు తెచ్చుకున్నాడు గానీ, తెరిచిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. సముద్రమే చూడని పిల్లాడు ఈ చదువులో నిలబడతాడా? కోచింగ్ పెట్టించమంటారా?

జవాబు: కోచింగ్ వద్దండి. ఈ మాటలు కాకినాడ పిల్లాడికైనా కొత్తగానే ఉంటాయి. మీ బాబు ఇంటర్ ఫిజిక్స్‌లో ఆర్కిమెడిస్ సూత్రం, గురుత్వ కేంద్రం, మూమెంట్స్ చదివే ఉంటాడు. స్టెబిలిటీకి పునాది అదే. చాలామంది పిల్లలు చేసే పొరపాటు ఏమిటంటే, కన్‌స్ట్రక్షన్‌ను పేర్ల జాబితాలా, స్టెబిలిటీని లెక్కల్లా విడివిడిగా బట్టీ పడతారు. రెండూ కలిపి బొమ్మ గీస్తూ చదవమనండి.

ముందు ఓడను అడ్డంగా కోసినట్టు ఒక బొమ్మ గీయాలి. అడుగున ముందు నుంచి వెనకదాకా వెన్నెముకలా ఉండేది కీల్. పక్క రేకులకు బలమిచ్చేవి ఫ్రేములు. అడుగున రెండు పొరల మధ్య ఉండే ఖాళీ డబుల్ బాటమ్, అందులో బ్యాలస్ట్ నీళ్లో (ఓడ నిలకడ కోసం నింపే నీళ్లు) ఇంధనమో ఉంటుంది. ఓడను గదులుగా విడదీసే గోడ బల్క్‌హెడ్. కీల్ నుంచి నీటి మట్టం దాకా ఉన్న లోతు డ్రాఫ్ట్, నీటి మట్టం నుంచి డెక్ (ఓడ పై అంతస్తు) దాకా ఉన్న ఎత్తు ఫ్రీబోర్డ్. అన్నట్టు, గ్రాస్ టన్నేజ్ పేరులో టన్ను ఉన్నా అది బరువు కాదు, ఓడ లోపలి చోటును బట్టి కట్టే లెక్క. సరుకు, ఇంధనం, నీళ్లు, మనుషులు అన్నీ కలిపి ఓడ మోయగల బరువు డెడ్‌వెయిట్. ఇక్కడ తడబడని ట్రైనీ అరుదు.

తేలే ఓడ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. ఆ నీటి బరువే డిస్‌ప్లేస్‌మెంట్. ఒక ఘనమీటరు మంచినీరు 1 టన్ను, సముద్రపు నీరు దాదాపు 1.025 టన్నులు. అందుకే సముద్రం నుంచి నదిలోని రేవుకు వచ్చిన ఓడ కాస్త లోతుగా మునుగుతుంది. ఎంత లోతు దాకా లోడెత్తవచ్చో చూపేలా ఓడ పక్కన గీసే లోడ్‌లైన్ గుర్తుల్లో మంచినీటికి వేరే గీత ఉండేది ఇందుకే. శామ్యూల్ ప్లిమ్‌సాల్ పోరాడగా బ్రిటన్ 1876లో ఈ గుర్తును చట్టంలో పెట్టింది. అంతకుముందు అతిగా లోడెత్తిన ఓడల్లో ఎందరో నావికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక అసలు విషయం. అదే బొమ్మలో మూడు చుక్కలు పెట్టాలి. ఓడ, సరుకు మొత్తం బరువుకు కేంద్రం జీ. నీటిలో మునిగిన భాగానికి కేంద్రం బీ. ఓడ పక్కకు ఒరిగితే సరుకు కదలనంతవరకు జీ ఉన్నచోటే ఉంటుంది, బీ మాత్రం ఒరిగిన వైపుకు జరుగుతుంది. అక్కడి నుంచి నిలువుగా పైకి గీసిన గీత ఓడ మధ్యగీతను తాకే చోటు ఎం, అంటే మెటాసెంటర్. జీ కన్నా ఎం పైన ఉంటే ఓడ తిరిగి నిలబడుతుంది, కింద ఉంటే ఇంకా ఒరుగుతుంది. ఈ రెంటి మధ్య ఎత్తే జీఎం. అంతర్జాతీయ నియమాల ప్రకారం మామూలు సరుకు ఓడకు ఇది కనీసం 0.15 మీటర్లు ఉండాలి.

పత్తి బస్తాలు ఎత్తుగా వేసిన బండి మలుపులో ఎలా ఊగుతుందో మీకు చెప్పక్కర్లేదు. జీ పైకి వెళ్లడమంటే అదే. కానీ ఓడలో బరువంతా అడుగునే పెట్టడమూ మంచిది కాదు. జీఎం మరీ ఎక్కువైతే ఓడ గట్టి కుదుపులతో త్వరత్వరగా ఊగుతుంది, సరుకు కట్లు తెగుతాయి. ఇది మీవాడికి బాగా ఎక్కాలి.

మరో ముఖ్యమైనది ఫ్రీ సర్ఫేస్. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ఓడతో పాటే ఒక పక్కకు పరుగెడతాయి, దాంతో జీ పైకి వెళ్లినంత పని అవుతుంది. జీఎంకు జరిగే ఈ నష్టం ట్యాంకు వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఓడ పొడవు దిశలో నడిమధ్యన ఒక గోడ కట్టి ట్యాంకును రెండు చేస్తే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. బల్క్‌హెడ్ విలువ ఇక్కడ తెలుస్తుంది. 1987 మార్చి 6న బెల్జియంలోని జేబ్రుగ్గె రేవు దగ్గర హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే బయల్దేరింది. అడ్డుగోడల్లేని వాహనాల డెక్ మీదకు నీళ్లు చేరి నిమిషాల్లో పక్కకు పడిపోయింది. 193 మంది చనిపోయారు.

ఇంట్లోనే చేసి చూడమనండి. టబ్బులో ప్లాస్టిక్ డబ్బా తేలించి, అడుగున రాయి పెట్టి ఒరిగించాలి. తర్వాత అదే రాయిని డబ్బా పైన అడ్డంగా పెట్టిన పుల్లల మీద ఉంచాలి. చివరికి రాయి తీసేసి డబ్బాలో కాస్త నీళ్లు పోయాలి. మూడుసార్లూ చూసిందాన్ని జీ, బీ, ఎంలతో బొమ్మ గీసి మీకే వివరించి చెప్పమనండి. లోడు సంగతి తెలిసిన మీకంటే మంచి పరీక్షకుడు దొరకడు.

కోచింగ్ కన్నా ముందు కంటి పరీక్ష చేయించండి. వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో చూపించవచ్చు. రాత్రిపూట ఎదురు ఓడ ఎటు పోతోందో ఎరుపు, పచ్చ దీపాలను బట్టే తెలుసుకోవాలి, కాబట్టి రంగులు గుర్తించలేని వాళ్లను డెక్ వైపు, అంటే ఓడ నడిపే పనికి, తీసుకోరు. డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదించిన డాక్టరు ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్ ఈ పరీక్ష కాకుండా వేరేగా తీసుకోవాలి. ఏడాది క్లాసుల తర్వాత 18 నెలలు ఓడ మీద శిక్షణ ఉంటుంది. ఆ శిక్షణ ఏ కంపెనీ ఇస్తుందో రాతపూర్వకంగా చేతికి వచ్చాకే ఫీజు కట్టండి.